తల్లి గుర్తు

మొహం మీద ఒక్క మచ్చ కూడా లేదని ఆమెను తబేలా గేటు దగ్గరే ఆపేశారు.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు ప్రయోగశాల వసారాలో నిలబడి ఆ సంగతి చెబుతున్నప్పుడు కూడా ఆమె చెయ్యి మాటిమాటికీ చెంప మీదికి పోతూనే ఉంది. అక్కడ ఏదైనా ఉండి ఉంటే బాగుండునన్నట్టు తడుముకుంటోంది. పాతికేళ్ళుంటాయేమో. పేరు పద్మ. రెండో చేతిలో మూతపెట్టిన గిన్నె ఉంది. గిన్నెలో పెరుగన్నం ఉందని, అది శనివారం నుంచి రోజూ కలుపుతున్నానని, ఎవరూ లోపలికి తీసుకుపోవడం లేదని ఆమె అడక్కుండానే చెప్పింది.

తాతారావు గాజుగొట్టాలు తుడుస్తున్న బట్ట పక్కన పెట్టి బయటికి వచ్చాడు.

ఆ ఏడు ఎండలతో పాటే అమ్మవారు కూడా ఊళ్ళోకి వచ్చింది. నాంపల్లి స్టేషను వెనక, పట్టాల అవతల, ఎప్పుడో ఒక జాగీర్దారు గుర్రాలను కట్టిన పొడుగాటి శాల ఖాళీగా ఉంటే, అందులో మంచాలు వేసి మశూచి సోకినవాళ్ళను ఉంచుతున్నారు. గుర్రాలు పోయి ఎన్నేళ్ళయినా దాన్ని తబేలా అనే అంటారు. పద్మ కూతురు బుజ్జమ్మను శనివారం బండి వచ్చి అక్కడికి తీసుకుపోయింది. ఆరేళ్ళ పిల్ల. తండ్రి విద్యాసాగర్ ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తాడు. అతని జబ్బ మీద టీకా మచ్చలు రెండున్నాయి గాని, ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్న వైపుకు మగవాళ్ళను పోనివ్వరు. ఆడవాళ్ళలోనైనా, మొహాన అమ్మవారి మచ్చలో, జబ్బ మీద టీకా పట్టిన గుర్తో చూపించినవాళ్ళకే ప్రవేశం. పద్మకు రెండూ లేవు. చిన్నప్పుడు టీకాలాయన ఊళ్ళోకి వస్తే నాయనమ్మ ఆమెను గాదె వెనక దాచిందట.

"తల్లి నాకు చిన్నగున్నప్పుడే వచ్చిపోయింది సారూ," అంది. "మూడే ముత్యాలు. మచ్చ పడలే. ఎంత చెప్పినా నమ్మకపాయిరి."

అమ్మవారిని తల్లి అనడం, పొక్కులను ముత్యాలనడం తాతారావు పుట్టిన తెనాలి వైపూ ఉంది. ఆ మాట విని ఆయన తల ఊపాడు. ఆమె జాకెట్టులోంచి ఒక చీటీ తీసి ఇచ్చింది. తబేలా అధికారి రాసిన చీటీ. రక్తపరీక్షలో రుజువైతే తమకు అభ్యంతరం లేదని ఒక్క వాక్యం. విసుగుతో రాశాడో దయతో రాశాడో ఆ అక్షరాల్లో తెలియలేదు.

టీకా ఇప్పుడే వేస్తానని, పది రోజుల్లో ఆ గుర్తు తేలుతుందని తాతారావు చెప్పి చూశాడు. తల్లి కూర్చున్న ఇంట్లో టీకా వేయించుకోరని ఆమె అడ్డంగా తల ఊపింది. "పది దినాలు నా బిడ్డ ఆగుతదా సారూ?" అని అడిగింది. ఆయన చీటీ తీసుకుని లోపలికి నడిచాడు.

ప్రయోగశాలకు పెద్ద డాక్టర్ వామన్‌రావు. పాత హైదరాబాదు మనిషి. చీటీ రెండుసార్లు చదివి, "ఏంది తాతారావ్, మనది ల్యాబా, అదాలతా?" అన్నాడు. తరువాత కిటికీలోంచి వసారా వైపు చూశాడు. పద్మ గిన్నె మీద వాలుతున్న ఈగను కొంగుతో తోలుతోంది. "పదహారు గుడ్లు," అన్నాడు డాక్టర్. "గంతకంటె ఒక్కటి ఎక్కువ వాడొద్దు."

రక్తం తీసేటప్పుడు తాతారావు ఆమెకు పరీక్ష సంగతి చెప్పబోయాడు. ఒకసారి జబ్బు వచ్చి కోలుకున్నవాళ్ళ రక్తంలో యాంటీబాడీలనేవి తయారై ఉంటాయి. అదే వైరస్ మళ్ళీ వస్తే అవి దాన్ని చుట్టూ కమ్ముకుని పట్టేస్తాయి. అది ఇక ఏ జీవకణంలోకీ దూరలేదు. అందుకే వైరస్‌ను ఆమె రక్తపు సీరంతో కలిపి, కోడిపిండం పెరుగుతున్న గుడ్డులోకి ఎక్కిస్తారు. లోపలి పొర మీద పొక్కులు లేస్తే ఆమెకు రక్షణ లేనట్టు. లేవకపోతే ఉన్నట్టు.

పద్మ ఆయన మొహం వంకే చూస్తోంది. ఒక్క ముక్క ఎక్కలేదని తెలుస్తూనే ఉంది.

మూల కూర్చుని సీసాలు కడుగుతున్న కిష్టవ్వ తల తిప్పింది. ఆ ప్రయోగశాలలో గాజుసామాను కడిగే మనిషి ఆమె. నుదుటి నుంచి గడ్డం దాకా మచ్చలు. ఆరేడేళ్ళ వయసులో అమ్మవారు పోసి బతికి బయటపడిన ఆ రక్తాన్నే ప్రయోగశాల ఏడేళ్ళుగా ప్రతి పరీక్షలోనూ కొలబద్దగా వాడుతోంది. సీసా మీద "కి" అని ఒక్క అక్షరం రాసి ఉంటుంది.

"గంత పొడుగు చెప్తె ఆమెకేం తెలుస్తది సారూ," అంది కిష్టవ్వ. "ఇను బిడ్డా. తల్లి ఒక్కసారి వచ్చిన మనిషి నెత్తుర్ల గుర్తు వెట్టి పోతది. మల్ల వచ్చినప్పుడు గా గుర్తు జూస్తది. ఇది నేను వచ్చిపోయిన ఇల్లే అని పక్కకు జరుగుతది. గంతే."

రాష్ట్రం ఒకటైనప్పుడు కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు వచ్చిన తాతారావు ఈ ఏడేళ్ళలో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పగా వినలేదు.

సూది దిగుతుంటే పద్మ గాజులు మోచేతి మీదికి తోసుకుని మొహం తిప్పుకుంది. తిప్పుకున్న మొహంతోనే కిష్టవ్వను అడిగింది. "తల్లి ఇంట్ల ఉండంగ నెత్తురు తీపిచ్చుకుంటున్న. ఏమన్న అయితదా అవ్వా?"

 కిష్టవ్వ కడుగుతున్న సీసాలో నీళ్ళు నిండి పొర్లిపోయాయి.

"ఎన్ని గంటలైతది సారూ?"

"మూడు రోజులమ్మా. గురువారం పొద్దున."

పద్మ గిన్నె తీసుకుని వసారాలోకి వెళ్ళింది. ఇంటికి మాత్రం పోలేదు.

సీరం తేరగానే తాతారావు మూడు గొట్టాలు సిద్ధం చేశాడు. పద్మది ఒకటి. కిష్టవ్వది ఒకటి. మూడోది పెరటి బోనులోని కుందేలుది. కుందేలు జన్మలో అమ్మవారిని ఎరగదు కాబట్టి దాని రక్తం వైరస్‌ను ఆపకూడదు. ఆపితే పరీక్షలోనే ఏదో తప్పు ఉన్నట్టు. ముందుగా మూడింటినీ యాభై ఆరు డిగ్రీల వేడినీళ్ళ తొట్టెలో అరగంట ఉంచాలి. పచ్చి రక్తంలో, జబ్బుతో సంబంధం లేకుండానే వైరస్‌ను కొంత నలిపేసే పదార్థం ఒకటుంటుంది. అది వేడికి చస్తుంది, యాంటీబాడీలు చావవు.

గొట్టాలు తొట్టెలో నిలబెట్టి గడియారం చూసుకున్నాడో లేదో డాక్టర్ పిలిచాడు. పాత రిజిస్టర్లు వెతికి పెట్టి వచ్చేసరికి ముప్పావుగంట. తొట్టెలో ఉష్ణమాపకం యాభై ఆరు మీద నిలబడి ఉంది. నీళ్ళు మాత్రం అంచు దాకా ఉన్నాయి. వాటి మీద ఒక వేపాకు తేలుతోంది.

తాతారావు కిటికీ వైపు చూశాడు. పెరట్లో ఉన్నది సీమచింత చెట్టు. ఎక్కడి నుంచో గాలికి వచ్చిందనుకుని ఆకును వేలితో తీసి పారేశాడు. వేలికి అంటిన చేదు వాసన ఆ సాయంత్రం దాకా పోలేదు.

ఇక మిగిలిన పని ఎప్పుడూ చేసేదే. టీకా మందులో వాడే వైరస్, అమ్మవారికి చెల్లెలి వరస అయినది, దాన్ని మూడు సీరాలతోనూ విడివిడిగా కలిపాడు. నాలుగో గొట్టంలో ఉత్త ఉప్పునీళ్ళతో కలిపాడు. గంట ఆగాడు. పన్నెండు రోజుల గుడ్ల పెంకుకు చిన్న బెజ్జం వేసి, లోపలి పొర చిరగకుండా కిందికి జార్చి, దాని మీద ఒక్కో చుక్క వదిలి, మైనంతో మూశాడు. ఒక్కో దానికి నాలుగు చొప్పున పదహారు గుడ్లు. పెంకుల మీద పెన్సిలుతో రాశాడు. ఉ, కి, ప, కుం.

మంగళవారం మధ్యాహ్నం ఆయన గుడ్లను చీకటిగదిలోకి తీసుకువెళ్ళాడు. తలుపు వేసుకుని, రేకుపెట్టెలో బల్బు వెలిగించి, పెట్టెకున్న బెజ్జానికి ఒక్కో గుడ్డునూ ఆనించి చూడాలి. లోపల బతికి ఉంటే పెంకు ఎర్రగా వెలుగుతుంది. సన్నటి నెత్తుటి తీగలు, వాటి నడుమ కదిలే నల్లటి నీడ. ఆ నీడ వెలుతురు తగలగానే కొంచెం ఉలిక్కిపడుతుంది. ఏడేళ్ళలో వేల గుడ్లు చూసినా ఆ ఉలికిపాటుకు ఆయనకు అలవాటు కాలేదు. ప్రతిసారీ "ఏం లేదులే" అంటాడు. భార్య పోయాక ఇంట్లో అలా చెప్పుకునే మనిషి లేక, ఆ మాట గుడ్లకు మిగిలింది.

ఆ రోజు అన్నీ బతికే ఉన్నాయి. కానీ స్టేషను నుంచి ఇంజను కూత వినబడి నేల అదిరినప్పుడు, చేతిలోని గుడ్డులో నీడ ఉలిక్కిపడలేదు. నిదానంగా ఒక పక్కకు జరిగింది. ఎవరికో చోటిచ్చినట్టు జరిగింది. తాతారావు గుడ్డు తిప్పి అక్షరం చూశాడు. ప.

గదిలో వేపాకు వాసన వేసింది. ఆయన తలుపు తీసి కాసేపు ఎండలో నిలబడ్డాడు.

బుధవారం పొద్దున పద్మ వసారాలో లేదు. పదకొండింటికి పరుగులాంటి నడకతో వచ్చింది. చేతిలో గిన్నె లేదు. వసారా మెట్టు మీద కూలబడి, మంచినీళ్ళు ఇస్తే పుచ్చుకోలేదు. చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చివరికి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

తబేలా గేటు దగ్గర కాపలా ఉండే బీరయ్య చెప్పాడట. పొద్దుగూకే వేళకు బుజ్జమ్మ మంచం పక్కన ఒక ఆడమనిషి కూర్చుంటోందట. కిటికీలోంచి ఆదివారం చూశాడు, సోమవారం చూశాడు, నిన్నా చూశాడు. గేటులోంచి వచ్చింది చూడలేదు, పోయింది చూడలేదు. తల తడిగా ఉంది, కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. మొహం మీదికి కొంగు ఉంది.

"నా చీర కట్టుకొనున్నదంట సారూ," అంది పద్మ. "బిడ్డ కప్పుకోనీకి బండిల పంపిన. ఆకుపచ్చ నూలు చీర. గా చీరే కట్టుకున్నది. నా బిడ్డ కండ్లు మూసుకపోయినయ్. ఏమీ కనిపిస్తలేదు. ఆమెను అమ్మా అంటున్నదంట."

గదిలో కొళాయి చప్పుడు ఆగింది. కిష్టవ్వ సీసా చేత్తో పట్టుకుని అలాగే ఉంది.

"తీస్కపోనీకి వచ్చింది," అంది పద్మ. "తల్లి నా తీరుగ తయారై కూసున్నది. నేను పోకుంటె ఆమెతోటే పోతది."

అది భయమని, బీరయ్య ఎవరో దాదిని చూసి ఉంటాడని తాతారావు చెప్పాడు. చెబుతున్నప్పుడు తన గొంతు తనకే వేరేవాళ్ళ గొంతులా వినిపించింది. దాదులు ఖాకీ అంచు తెల్లచీర కడతారు. తలుపు దగ్గర వరసగా నిలబడి పేర్లు రాయించుకుని లోపలికి పోతారు.

"రేపు పొద్దున అన్నరు కదా," అంది పద్మ వెళ్ళిపోతూ. "మాట తప్పకున్రి."

గురువారం ఎనిమిదింటికే తాతారావు పని మొదలుపెట్టాడు. వామన్‌రావు కూడా వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. కత్తెరతో పెంకు చుట్టూ కోసి, లోపలి పొరను విడదీసి, నల్లకాగితం మీద పెట్టిన గాజుపళ్ళెంలో ఉప్పునీళ్ళు పోసి అందులో తేల్చాలి.

ఉప్పునీళ్ళ గుడ్లు ముందు. నల్లటి నేపథ్యం మీద పొర విచ్చుకోగానే తెల్లటి చుక్కలు గుంపులు గుంపులుగా కనబడ్డాయి. లెక్కపెట్టడానికి వీలులేనన్ని ముత్యాలు. కిష్టవ్వ గుడ్లలో ఒక్కటి లేదు. పొర తళతళలాడుతూ శుభ్రంగా తేలింది. తరువాత పద్మవి. మొదటి దానిలో ఏమీ లేదు. రెండో దానిలో ఒకే ఒక్క చుక్క. మూడు, నాలుగు శుభ్రం.

"వచ్చిపోయింది," అన్నాడు వామన్‌రావు. ఆయన మొహంలో విసుగుకు బదులు ఇంకేదో ఉంది. వెంటనే కాగితం తీసి ఆంగ్లంలో రెండు వాక్యాలు రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి తాతారావు జేబులో తనే పెట్టాడు. "పో, ఇచ్చి రా. పాపం."

కుందేలు గుడ్లు చివర తెరవడం తాతారావుకు అలవాటు. వాటిలో ఎప్పుడూ ఏమీ వింత ఉండదు. ఎప్పుడూ ఉప్పునీళ్ళ గుడ్లలాగే నిండా ముత్యాలతో ఉంటాయి. బయట మనిషి ఎదురుచూస్తోంది, అవి తరువాత చూసుకోవచ్చు. రెండు అడుగులు తలుపు వైపు వేశాడు. మళ్ళీ వెనక్కి వచ్చి కత్తెర తీశాడు.

పొర నీళ్ళలో విచ్చుకుంది. నల్లకాగితం మీద ఉత్త పొర. మూల రెండు చుక్కలు. అంతే. ఇంకో గుడ్డు కోశాడు. ఒక్క చుక్క. మిగిలిన రెండూ కోశాడు. నాలుగు పొరలూ ఏ అలికిడీ లేని ఇంటిలా ఖాళీగా తేలుతున్నాయి.

కుందేలుకు అమ్మవారు రాలేదు. అయినా దాని రక్తం ఆపింది. అంటే ఆపింది గుర్తు కాదు. వేడికి చావవలసిన ఆ పచ్చి పదార్థం ఎందుకో చావలేదు. అదే నిజమైతే పద్మ గుడ్లు కూడా ఏమీ చెప్పనట్టే.

ఆయన వేళ్ళు వాసన చూసుకున్నాడు. సోమవారం నాటి చేదు ఇంకా ఉన్నట్టే ఉంది.

"కిష్టవ్వా," అన్నాడు మెల్లగా. "నీళ్ళతొట్టెలోకి వేపాకు ఎలా వచ్చింది?"

ఆమె దాచలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని లేచి నిలబడింది.

"చల్లవోసిన," అంది. "నువ్వు గట్ల పోంగనె కుండల నీళ్ళు తెచ్చి పోసిన, ఆకేసిన. నిండితె కొన్ని తోడి పారవోసిన. ఏడేండ్ల సంది నా నెత్తురు ఉడకవెడుతున్నవు, ఒక్కనాడన్న అన్ననా? నా ఇంట్ల తల్లి ఎప్పుడో దిగిపోయింది. గామె ఇంట్ల తల్లి ఇంక కూసొనే ఉన్నది సారూ. తల్లి కూసున్న ఇంట్ల పోపు గూడ వెయ్యరు. గా ఇంటి నెత్తురు మరుగుతె గాడ పిల్ల ఒళ్ళు కాలదా?"

తాతారావుకు కోపం రాలేదు. తనకు ఎనిమిదేళ్ళప్పుడు తమ్ముడికి అమ్మవారు పోస్తే, తెనాలి ఇంట్లో మూడు వారాలు పొయ్యి మీద మూకుడు పెట్టలేదు. పక్కవాళ్ళ ఇంట్లో ఆవాలు చిటపటలాడితే అమ్మ పరుగున పోయి ఆపించి వచ్చింది. నీళ్ళు పోసిన చెయ్యి కిష్టవ్వదే గాని, ఆ నీళ్ళు ఆయన ఇంటి నుంచి వచ్చినవే.

డాక్టర్‌ దగ్గరికి పోయి, తొట్టె మధ్యలో చల్లారిందని, మళ్ళీ యాభై ఆరుకు ఎక్కేసరికి గొట్టాలకు అరగంట వేడి తగల్లేదని మాత్రం చెప్పాడు. కిష్టవ్వ పేరు ఎత్తలేదు. వామన్‌రావు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. సంతకమైపోయిందని, బిడ్డ దగ్గరికి తల్లిని పోనివ్వడానికి ఇంత లెక్క ఎందుకని, ఆమె వచ్చిపోయిందని చెబుతూనే ఉంది గదా అని అన్నాడు. ఆఖరికి, "నీ జేబుల ఉన్నది. నీ ఇష్టం," అని రిజిస్టరులోకి తల వంచాడు.

వసారాలో పద్మ నిలబడి ఉంది. ఈ రోజు గిన్నె ఉంది, దాని మీద మూతకు తడిబట్ట కట్టి ఉంది. ఆమె చూపు నేరుగా ఆయన జేబు మీదికి పోయింది. పలచటి కాగితంలోంచి ఊదారంగు ముద్ర కనబడుతోంది.

పరీక్ష చెడిపోయిందని తాతారావు చెప్పాడు. మిగిలిన రక్తంతో మళ్ళీ ఇవాళే చేస్తానని, ఇంకో మూడు రోజులని చెప్పాడు.

"సంతకం ఉన్నది గద సారూ."

"ఉంది. కానీ ఇది అబద్ధం చెబుతోందమ్మా. కుందేలుకు కూడా అమ్మవారు వచ్చిపోయిందని చెప్పింది ఈ పరీక్ష."

"నాకు అబద్ధమే ఇయ్యున్రి," అంది పద్మ.

ఆయన చెయ్యి జేబు మీదికి పోయి అక్కడే ఆగింది. ఇస్తే ఈ పూటే ఆమె పట్టాలు దాటి పోతుంది. పెరుగన్నం పిల్ల నోట్లో పెడుతుంది. రక్షణ లేకపోతే ముప్పై మంచాల గాలి పీల్చి, రెండు వారాల్లో ముప్పై ఒకటో మంచం మీద పడుకుంటుంది. ఇవ్వకపోతే పిల్ల చీకట్లో ఎవరినో అమ్మా అంటూ ఉంటుంది. ఏది పాపమో చెప్పే పరీక్ష ఆ ప్రయోగశాలలో లేదు.

"లోపలికి పోయి చచ్చినా నా బిడ్డ పక్కన చస్త. గాడ గామె కూసున్నది సారూ. నా చీర కట్టుకొని."

"నేనే," అంది కిష్టవ్వ.

ఎప్పుడు వచ్చిందో తలుపు పక్కన నిలబడి ఉంది. పద్మ వెనక్కి తిరిగింది.

"గామె కాదు, నేనే. మా గుడిసె తబేలా ఎన్కనే. గుర్రాలు నీళ్ళకు పోయే సందు ఉన్నది గోడకు. తల్లి కాడికి పోయేటప్పుడు తలకు పోసుకొని పోవాలె, గందుకు తల తడి. ఆదివారం ఎవ్వరి కోసమో పోయిన, నీ పిల్ల ఏడుస్తుండె. చీర కప్పితె తీసి పారేసె. నేను కట్టుకుంటె కొంగు వట్టుకొని ఊకున్నది." ఆమె చూపు నేల మీదికి దించింది. "ఎవ్వరిదో ఎర్కలేకుండె. సోమవారం నువ్వు వచ్చి పేరు చెప్తె ఎర్కైంది. తల్లికి చేసే సేవ చెప్పుకోవద్దని చెప్పలె."

 స్టేషను వైపు నుంచి ఇంజను ఆవిరి వదులుతున్న చప్పుడు వచ్చింది.

"తింటున్నదా?" అంది పద్మ.

"నిన్న రెండు చెంచాల గంజి. దప్పిక మస్తున్నది. నీళ్ళు తాగుతున్నది."

పద్మ ముందుకు వచ్చి కిష్టవ్వ మొహంలోకి చూసింది. మచ్చల్ని ఒక్కొక్కటిగా చూస్తున్నట్టు చూసింది. తరువాత గిన్నె ఆమె చేతిలో పెట్టింది.

"లోపటికి పోనీకి గుర్తు గావాలె కద," అని కిష్టవ్వ నెమ్మదిగా అందుకుంది. "నాకు మొకం మీదనే ఉన్నది, ఎవ్వలు ఆపరు. నువ్వు గూడ తెచ్చుకో బిడ్డా. టీకా అంటె తల్లి చెల్లె. చెల్లె వచ్చిన ఇంట్లకు అక్క రాదు. తప్పేం లేదు, నేను చెప్తున్న. గుర్తు పడేదాంక నీ బిడ్డ కాడ నేనుంట."

పద్మ మెట్టు మీద కూర్చుంది. జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. తాతారావు స్పిరిట్‌తో జబ్బ తుడిచి, అది ఆరేదాకా ఆగి, టీకా చుక్క వేసి, ముళ్ళ బిళ్ళను చర్మానికి ఆనించి ఒక్క తిప్పు తిప్పాడు. ఆమె ఈసారి మొహం తిప్పుకోలేదు. జేబులో కాగితాన్ని ఆయన ఎప్పుడు చింపాడో ఆయనకే గుర్తులేదు. సాయంత్రం చొక్కా విప్పుతుంటే ముక్కలు రాలాయి.

ఆ మధ్యాహ్నం డాక్టర్‌ను అడిగి ఇంకో పదహారు గుడ్లు తీసుకున్నాడు. మూడు సీరాలనూ మళ్ళీ వేడికి పెట్టి, తొట్టె పక్కన ముక్కాలిపీట వేసుకుని అరగంటా కదలకుండా కూర్చున్నాడు. కిష్టవ్వ ఆ అరగంటా పెరట్లోకి పోయి కుందేలుకు గడ్డి వేసింది. మూడున్నరకే ఆయన వెనక గేటు తాళం తీసి ఉంచాడు. ఆమె తలొంచుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి రోజూ ఆ తాళం మూడున్నరకే తెరుచుకునేది.

ఆదివారం గుడ్లు కోశాడు. కుందేలువి నిండా ముత్యాలు. కిష్టవ్వవి శుభ్రం. పద్మవి విప్పి నీళ్ళలో తేల్చి, చాలాసేపు పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి ఉంచాడు. తీశాక కూడా లెక్కపెట్టలేదు. ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా ముత్యాలు.

సోమవారం ఆమెకు ఏ మాటలతో చెప్పాలా అని కూడబలుక్కుంటూ వసారాలోకి వచ్చాడు.

"చెప్పకున్రి సారూ," అంది పద్మ. "నాకెర్కే. తల్లి వచ్చింది మా అక్కకు. నన్ను గాదె ఎన్క దాచింది టీకాలాయన నుంచి కాదు, అక్క నుంచి. అక్క పిలుస్తుండె, నేను పోలె." చెయ్యి చెంప మీదికి పోయింది. "ఈసారి పోదామనుకున్న."

ఆమె జబ్బ మీద టీకా పొక్కి, చుట్టూ ఎర్రగా కమ్ముకుంది. తాతారావు ఆ ఎరుపును చూసి, వేళ్ళ కణుపుల మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. కూతురి నుంచి అంటిందేమోనని, ఆమెకు ఏమీ కాకుండా పదిహేను రోజులు గడిచేదాకా లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు.

బుజ్జమ్మ పొక్కులు ఎండి, పెచ్చులన్నీ రాలి, ఇంటికి రావడానికి నెల పట్టింది. పద్మను టీకా వేసిన పదో రోజున గేటులోంచే లోపలికి పోనిచ్చారు. అప్పటికి పిల్ల కళ్ళు విచ్చుకుంటున్నాయి.

కోలుకున్న పిల్ల రక్తం బలంగా ఉంటుందని, కిష్టవ్వ రక్తం పక్కన ఇంకో కొలబద్ద ఉంటే మంచిదని వామన్‌రావు అడిగించాడు. రెండు చెంచాల రక్తం చాలు. పద్మ ఒప్పుకుని ఒక శుక్రవారం పొద్దున పిల్లను తీసుకువచ్చింది. మొజంజాహీ మార్కెట్‌లో కొన్న సంత్రా పండు పిల్ల చేతిలో ఉంది. నుదుటి మీదా బుగ్గల మీదా కొత్త గుంటలు, ఇంకా లేత రంగులో ఉన్నాయి.

వసారా ఎక్కగానే పిల్ల ఆగి, తెలిసిన వాసన తగిలినట్టు ముక్కు ఎగబీల్చింది. తల్లి చెయ్యి విడిపించుకుని నేరుగా సీసాలు కడిగే మూలకు పోయింది. కిష్టవ్వ తడిచేతులు దూరంగా పట్టుకుని కూర్చుంది. పిల్ల ఆమె ఒళ్ళో ఎక్కి, కళ్ళు గట్టిగా మూసుకుని, చూపుడువేలు ఆ మొహం మీద నడిపించింది. నుదురు, కనుబొమలు, ముక్కు పక్క, గడ్డం. కళ్ళు కనబడని రోజుల్లో ఆ వేలుతో నేర్చుకున్న దారి అది. తనకు వచ్చిన ముత్యాలే అమ్మకు కూడా వచ్చాయని, అందుకే అమ్మ తన పక్కన కూర్చుందని అప్పట్లో అనుకుందట. ఇంట్లో ఇప్పటికీ పొద్దున లేవగానే పద్మ మొహం తడిమి, నున్నగా తగలగానే చెయ్యి వెనక్కి తీసుకుంటోందట. పద్మ ఆ సంగతి తాతారావుతో నవ్వుతూనే చెప్పబోయింది. చివరి మాట దగ్గర నవ్వు ఆగిపోయింది.

"పో బిడ్డా, అమ్మ కాడికి పో," అంది కిష్టవ్వ.

పిల్ల కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది.

తాతారావు సూది పళ్ళెం చేతిలో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. పద్మ వచ్చి వాళ్ళ ముందు నేల మీద కూర్చుంది. జాకెట్టు చెయ్యి మోచేతి నుంచి పైకి మడిచి, పిల్ల వేలు పట్టుకుని, తన జబ్బ మీదికి తెచ్చింది. అక్కడ పావలాబిళ్ళంత మచ్చ, కొంచెం గుంటపడి, అంచులు ఇంకా గులాబీరంగుగా ఉంది.

వేలు ఆ అంచు చుట్టూ తిరిగింది. గుంటలోకి దిగింది. మళ్ళీ చుట్టూ తిరిగింది.

"ఒక్కటేనా?" అంది బుజ్జమ్మ.

"ఒక్కటే," అంది పద్మ. "నీ కోసమే తెచ్చుకున్న."

పిల్ల కళ్ళు తెరిచింది.